లైబ్రరీ సెస్సు ఎటుపోయిందని అడిగితే

శ్రీకాకుళం జిల్లాలో మాది ఓ మోస్తరు పెద్ద పంచాయతీ. మా శాఖా గ్రంథాలయానికి పేపర్లు ఒక్కసారిగా ఆగిపోలేదు. ముందు ఇంగ్లిష్ పేపరు పోయింది, తర్వాత పోటీ పరీక్షల మాసపత్రికలు. చివరికి ఒక్క తెలుగు పేపరు మిగిలింది. పొద్దున్నే దాన్ని షీట్లు షీట్లుగా విడదీసి పంచుకునేవారు. సినిమా పేజీ ఒకరి చేతిలో, జిల్లా పేజీలు ఇంకొకరి చేతిలో. గ్రూప్స్‌కి చదువుతున్న నాకు ఎడిటోరియల్ పేజీ అందేసరికి తలుపులేసే వేళయ్యేది. సాయంత్రం మళ్లీ తీస్తారన్న నమ్మకమూ లేదు. లైబ్రేరియన్ గారికి పక్క ఊరు కూడా ఇన్‌చార్జి ఇచ్చారు.

"బడ్జెట్ లేదమ్మా" అనేవారాయన. ఎవరు కోసేశారు, ఎప్పుడు కోసేశారు అంటే చూపించడానికి ఆయన దగ్గరా కాగితం లేదు.

కాగితం మా ఇంట్లోనే ఉంది. ఇంటి పన్ను రసీదు. పన్ను 650 రూపాయలు, దాని కింద గడిలో గ్రంథాలయ సెస్సు 52. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీకి కట్టాలి. పంచాయతీయో మునిసిపాలిటీయో వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. రెగ్యులర్ సిబ్బంది జీతాలు సర్కారు గ్రాంటుతో నడిచినా, పుస్తకాలకీ పేపర్లకీ ముఖ్యమైన ఆధారం ఈ సెస్సే. అది జమ కాకపోతే కోత పెడుతున్నామని ఎవరూ జీవో ఇవ్వక్కర్లేదు, దానంతటదే పడిపోతుంది. అందుకే దాని మీద ధర్నాలూ ఉండవు.

పంచాయతీ ఆఫీసులో అడిగితే లైబ్రరీవాళ్లని కనుక్కోమన్నారు. లైబ్రరీవాళ్లు పంచాయతీనే అడగమన్నారు. అరుగు మీద కూర్చున్న ఓ తాతగారు మాత్రం "ఏటమ్మా, పేపరు ముక్క కోసం ఇంత రగడేటి? మా ఇంటికొచ్చి సదువుకో" అన్నారు. ప్రేమగానే అన్నారు, కానీ ఊళ్లో చదువుకునేవాళ్లందరం ఆయన ఇంట్లో పట్టం కదా.

నోటిమాటతో లాభం లేదని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10. ప్రశ్న ఎలా రాశామన్నదే అసలు సంగతి. "సెస్సు ఎందుకు కట్టలేదు?" అని రాస్తే "నిధుల కొరత" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గత అయిదేళ్లలో ఏడాదివారీగా వసూలైన సెస్సు ఎంత, గ్రంథాలయ సంస్థకు జమ చేసింది ఎంత, జమ చేసిన చలాన్ల నకళ్లు, ఇంకా కట్టాల్సిన బకాయి. ఇవే అడిగాను. సమాచారం వేరే ఆఫీసులో ఉంటే సెక్షన్ 6(3) కింద అయిదు రోజుల్లో వాళ్లకే బదిలీ చెయ్యాలని చివర్లో ఒక వాక్యం రాశాను. ఇక "అటెళ్లు, ఇటెళ్లు" అనే మాట రాలేదు. రెండో కాపీ మీద సీలు, సంతకం, తేదీ వేయించుకోవడం మర్చిపోవద్దు.

30 రోజుల గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు. పై అధికారికి మొదటి అప్పీలు పంపాక ఫోనొచ్చింది. "ఎందుకు మేడమ్ ఇవన్నీ, మీకేం కావాలో చెప్పండి" అన్నారు. కాగితమే కావాలన్నాను.

వచ్చిన టేబుల్‌లో వసూళ్ల గడి ప్రతి ఏడాదీ నిండుగానే ఉంది. జమ గడిలో మొదటి రెండేళ్లకే అంకెలున్నాయి, తర్వాతంతా చిన్న గీతలు.

ఈ మధ్యలో చాలామంది చెప్పిన సలహా: దాతల్ని పట్టుకోండి అని. శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో తెలుగు కథల కోసం కథానిలయం అనే లైబ్రరీ పెట్టలేదా, అన్నారు. పెట్టారు, అవార్డు డబ్బులు కూడా అందులోనే పోశారు. ఆయన్ని తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ అది ఆయన తన ఇష్టంతో ఎత్తుకున్న బాధ్యత. మా లైబ్రరీకి మేం పన్ను కట్టేశాం. కట్టిన డబ్బు అడగడం మానేసి మళ్లీ చందా పుస్తకం పట్టుకు తిరగమంటే నాకు మనసొప్పలేదు.

టేబుల్ నకలు జతచేసి శ్రీకాకుళంలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాను. ఒక నంబరిచ్చారు. తర్వాత కొన్నాళ్లకి పంచాయతీ కొంత మొత్తం జమ చేసిందని లైబ్రేరియన్ గారే చెప్పారు. ఇప్పుడు మూడు పేపర్లొస్తున్నాయి, మాసపత్రిక ఒకటి. బకాయి పూర్తిగా తీరలేదు. సాయంత్రాల సంగతి అలాగే ఉంది. పోస్టులు నింపడం పంచాయతీ చేతిలో లేదు, సెస్సుతో అయ్యే పనీ కాదు.

జిల్లాలో ఎన్ని శాఖలకు రెగ్యులర్ లైబ్రేరియన్ లేరో అడుగుతూ ఇప్పుడు ఇంకో దరఖాస్తు రాస్తున్నాను. దీనికి పది రూపాయల పోస్టల్ ఆర్డరు కావాలి.