పెంచుకున్న బిడ్డకు కాగితం కూడా కావాలి

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో అమ్మానాన్నలు చెన్నైకో హైదరాబాదుకో వలస వెళ్తే పిల్లలు అమ్మమ్మ చేతిలోనో, పిల్లల్లేని పిన్ని దగ్గరో పెరుగుతారు. అదీ నిండు కుటుంబమే. కానీ ఎన్నేళ్లు పెంచినా, పెంచినంత మాత్రాన ఆ బిడ్డకు పిన్ని ఆస్తిలో వారసత్వం రాదు. దత్తత జరగాలి.

1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం, వేరే ఆచారం ఉంటే తప్ప, బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు, పెళ్లి కాకూడదు. భార్యాభర్తలిద్దరి సమ్మతీ ఉండాలి. కొడుకున్నవాళ్లు మరో మగపిల్లాణ్ణి తీసుకోలేరు. కన్నవాళ్లు బిడ్డను ఇవ్వడం, వీళ్లు తీసుకోవడం నిజంగా జరగాలి. దత్తహోమం తప్పనిసరి కాదు. ఇరువైపులా సంతకాలు చేసిన పత్రాన్ని రిజిస్టర్ చేయిస్తే, కాదని ఎవరైనా రుజువు చేసేదాకా కోర్టు ఆ దత్తత చెల్లినట్టే చూస్తుంది. ఈ ఖర్చుకు వెనకాడకండి.

కన్నవాళ్లకు బిడ్డను వదులుకోవడం ఇష్టం లేకపోతే (అది సహజం) పిన్ని వీలునామా రాయవచ్చు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, స్టాంపు పేపరు అక్కర్లేదు. బ్యాంకులో నామినీగా పేరు రాయించి ఊరుకోవద్దు: నామినీ డబ్బు తీసుకోగలరంతే, హక్కు వారసులది.