మూడో కారణం

చెల్లి స్కానింగ్ గదిలోకి వెళ్తూ ఫైలు నా చేతిలో పెట్టింది. అట్ట మీద ఎర్ర సిరాతో వేసిన 'హైరిస్క్' ముద్ర నాకు కొత్త కాదు. చూసినప్పుడల్లా దాన్ని తిట్టుకోవడమూ మానలేదు. ఊరికే కూర్చోలేక లోపలి పేజీ తిప్పాను. ముప్పుకు కారణాలు అని ఒక గడి ఉంది. తొలి కాన్పు. వయసు 36. ఆ కింద, కాస్త వంకరగా, 'అక్కకు ప్రీఎక్లాంప్సియా'.

ఆ అక్కను నేనే. పేరు లేదు, బతికి బట్టకట్టిందా లేదా అన్న ఊసు లేదు. చెల్లికి పొంచి ఉన్న ముప్పుల్లో ఒకదానిగా లెక్కకెక్కి ఉన్నాను, అంతే. పగలంతా పనుల్లో పడి మరిచిపోయాననుకున్నాను. పక్క మీద వాలగానే ఆ వంకర అక్షరాలు కళ్లముందుకు వచ్చాయి. ఆయన నిద్రపోయారు కాబట్టి మీరు దొరికారు.

రాసినదాంట్లో తప్పేమీ లేదు. ప్రీఎక్లాంప్సియా అంటే కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి, మూత్రపిండాలు, కాలేయం లాంటివాటినీ దెబ్బతీసే జబ్బు. తల్లికో తోబుట్టువుకో ఇది వచ్చి ఉంటే గర్భిణికి వచ్చే అవకాశం పెరుగుతుంది. విడివిడిగా చిన్నవనిపించే కారణాలు రెండు మూడు ఒకచోట చేరితే డాక్టర్లు ఊరుకోరు. అందుకే చెల్లికి మూడో నెల నిండగానే రాత్రిపూట వేసుకోమని ఆస్పిరిన్ రాశారు. 16 వారాలలోపే మొదలుపెట్టాలని పట్టుబట్టారు కూడా. 2017లో వెలువడిన ఆస్‌ప్రే అధ్యయనంలో, ముప్పు ఎక్కువని ముందే గుర్తించిన గర్భిణులకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే, 37 వారాలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 60 శాతానికి పైగా తగ్గింది. ఆ గడిలో నేను ఉండటం వల్ల కూడా ఆ మాత్ర దానికి అందింది. తెలుసు. తెలిసినా గుచ్చుకుంటుంది, ఏం చేయను.

అయినా ఇవాళ నా మనసు పాడవడం ఆ గడితో మొదలు కాలేదు. అంతకు ముందే, బీపీ దగ్గర మొదలైంది.

చెల్లి మెట్లెక్కి వచ్చింది. ఇంకా ఆయాసం తీరలేదు. అక్కడి అమ్మాయి ఎత్తు బల్ల మీద కూర్చోమంది. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి, వీపు ఆనించుకోవడానికి ఏమీ లేదు, చేతికి ఆసరా లేదు. చేతి బట్ట మీదుగానే పట్టీ చుట్టేసింది. గాలి ఎక్కుతుండగానే రాత్రి నిద్ర పట్టిందా, కాళ్లకు వాపులున్నాయా అని ప్రశ్నలు. చెల్లి బుద్ధిగా జవాబులు చెబుతూనే ఉంది. 148/96. ఆ అమ్మాయి మాట్లాడకుండా ఆ అంకె చుట్టూ సున్నా చుట్టింది. చెల్లి ముఖం పాలిపోయింది.

నేను ఊరుకునే రకం కాదని మీకు తెలుసు. మళ్లీ చూడమన్నాను. "చాలామంది ఉన్నారు మేడమ్" అంది. ఉంటే? 140/90 దాటిందా లేదా అన్నదాని మీదే కదా మందు మొదలుపెట్టడం, ఆసుపత్రిలో చేర్చుకోవడం, ఒక్కోసారి కాన్పును ముందుకు జరపడం కూడా! అందుకే, మరీ ప్రమాదకరంగా పెరిగి ఉంటే తప్ప, ఒక్క కొలతతో తేల్చరు. కనీసం నాలుగు గంటలు ఆగి రెండోసారి చూస్తారు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడవద్దని చెప్పి చూడాలి. భుజం లావుకు చాలని పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. మరీ పెద్దది చుడితే ఉన్నది దాక్కుంటుంది, ఆ రెండోది ఇంకా ప్రమాదం. చివరికి ఒక పెద్దావిడ, సీనియర్ నర్సు కాబోలు, వచ్చి చెల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, కాసేపు ఆగి తీసింది. 126/80. ఫైలులో ఆ సున్నాను మాత్రం ఎవరూ కొట్టేయలేదు. కడుపులో బిడ్డ మెదడుకు వెళ్లే నెత్తురు ఎంత వేగంగా పారుతోందో చూపించే యంత్రం పక్క గదిలోనే ఉంది. ఇక్కడ ఒక కుర్చీకీ ఐదు నిమిషాలకూ గతి లేదు.

స్కాన్ బాగానే వచ్చింది. ఎదుగుదల వారాలకు తగ్గట్టే ఉంది, ఉమ్మనీరు సరిపడా ఉంది. నన్నూ లోపలికి పిలిచి, బొడ్డుతాడు డాప్లర్‌ను, అంటే బొడ్డుతాడులో నెత్తురు పారే తీరును, డాక్టరు గారు తెర మీద వేలు పెట్టి చూపించారు. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక అల లేస్తుంది. రెండు అలల మధ్య పల్లం అడుగు గీతను తాకకూడదు. తాకితే మాయలో నెత్తురు సాఫీగా నడవడం లేదని. మాది తాకలేదు. సంతోషించాను. సంతోషం గురించి ఇంతకన్నా రాయడం నాకెప్పుడూ చేతకాదు.

నా ఫైలు మీద ఏ ముద్రా ఉండేది కాదు. ఎనిమిదో నెల దాకా అంతా మామూలే అన్నారు. తలనొప్పి అంటే నిద్రలేమి అన్నారు. డొక్కలో కుడివైపు పైన నొప్పి అంటే గ్యాస్ అన్నారు. ఒక సాయంత్రం బీపీ 170/110, మూత్రంలో ప్రొటీన్ నిండుగా. ఆ రాత్రికి నాకు గుర్తున్న పేరు మెగ్నీషియం సల్ఫేట్. మొదటి మోతాదు నరంలోకి ఎక్కుతుంటే ఒళ్లంతా లోపలి నుంచి మంట పుట్టింది. గుర్రపువాతం, అంటే ప్రీఎక్లాంప్సియా ముదిరితే వచ్చే మూర్ఛలు, రాకుండా ఇచ్చే మందు అది. 33 దేశాల్లో 10 వేల మందికి పైగా స్త్రీలతో చేసిన మాగ్‌పై అధ్యయనం, ఆ మూర్ఛల ముప్పును ఇది సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో తేల్చింది. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. ఆ రాత్రి నాకు తెలిసింది ఒక రబ్బరు సుత్తి. నర్సు గంటగంటకూ వచ్చి దుప్పటి తొలగించి మోకాలి చిప్ప కింద కొట్టేది. కాలు ఎగిరితే రాసుకునేది. మందు ఒంట్లో ఎక్కువైతే ముందుగా ఆగిపోయేది ఆ ఎగరడమే, ఆ తర్వాత ఊపిరి మందగిస్తుంది. మందు బయటికి పోవాల్సింది మూత్రంలోనే కాబట్టి సంచి మీది గీతలు కూడా వంగి చూసేది. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పక్క బల్ల మీద సిద్ధంగా ఉండేది. నాకు సగం మత్తు. "ఎగిరిందా?" అని అడిగేదాన్ని. "ఎగిరింది, పడుకో తల్లీ" అనేది. ఆమె ముఖం గుర్తులేదు. సుత్తి తగిలిన చోటు మాత్రం వేలు పెట్టి చూపించగలను.

తుంటికి రెండు స్టెరాయిడ్ సూదులు కూడా వేశారు, 24 గంటల తేడాతో, బిడ్డ ఊపిరితిత్తుల కోసం. న్యూజీలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పరిశోధన చేస్తుండగా, బతకరానంత ముందుగా పుట్టిన గొర్రెపిల్ల ఊపిరి తీయడం చూసి పట్టుకున్న సంగతి ఇది. హోవీ అనే మరో డాక్టరుతో కలిసి గర్భిణుల మీద చేసిన పరీక్షల ఫలితాలను 1972లో ప్రచురించారు. దీన్ని విరివిగా వాడమని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణులు చెప్పింది 1994లో. ఇరవై రెండేళ్లు! నాకు సంబంధం లేని కోపాలు కూడా నేనే పడతానని ఆయన అంటారు. పడతాను.

ఇంతదాకా రాశాక ఆ ఎర్ర ముద్ర మీద కోపం ఏమైందో వెతుక్కోవాల్సి వస్తోంది. అలాంటిదొకటి నా ఫైలు మీద ఉంటే ఆ తలనొప్పిని నిద్రలేమి అని తోసేసేవారు కాదు. కొట్టనీ. ఇంకా పెద్దది కొట్టనీ. నన్ను మూడో కారణంగా కాదు, మొదటి కారణంగా రాసుకోనీ. చెల్లి అయితే "నీ పుణ్యమా అని నన్ను మహారాణిలా చూస్తున్నారక్కా" అని దారంతా నవ్వుతూనే ఉంది.

కాదులెండి, కోపం ఉంది. చోటు మారింది. ఫైలు చివరి దాకా తిప్పాను కదా, ఏ వారం ఏ స్కాను, ఏ పరీక్ష, అన్నీ వరుసగా ఉన్నాయి. ఆఖరి గడి ప్రసవం. ఆ తర్వాతి పేజీలన్నీ బిడ్డవే, బరువు, పాలు, టీకాలు. తల్లికి పేజీ లేదు. కాన్పు తర్వాత బీపీ బాగా పెరిగేది మూడో రోజుకూ ఆరో రోజుకూ మధ్య. సరిగ్గా అప్పటికే ఇంటికి పంపేస్తారు. కాన్పయ్యాక ఆరు వారాల దాకా ప్రీఎక్లాంప్సియా కొత్తగా కూడా రావచ్చు. నేను ఇంటికి వచ్చేశాక కళ్లముందు మెరుపులు మొదలయ్యాయి. బిడ్డ ఇంకా ఐసీయూలోనే ఉంది, అందరి ధ్యాసా ఆ గాజు పెట్టె మీదే. అమ్మ ఒక్కతే నా ముఖం చూసి మళ్లీ ఆసుపత్రికి బయల్దేరదీసింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఏ డాక్టరూ "మీకు కాన్పులో బీపీ వచ్చిందా?" అని అడగలేదు. ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి తర్వాత గుండెజబ్బు, పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపు ఉంటుంది. చెల్లి ఫైలులో నేను కారణాన్ని. నా ఫైలులో నేనేమిటి?

గురువారం డాక్టరు గారిని అడగాల్సినవి ఫోనులో రాసుకున్నాను. కాన్పయ్యాక మూడు రోజుల్లోపు బీపీ ఎవరు చూస్తారు? పది రోజుల్లోపు మళ్లీ ఎక్కడ చూపించాలి? ఇంట్లో చూసుకుంటే ఏ అంకె దగ్గర ఆలోచించకుండా బయల్దేరాలి? అర్ధరాత్రి అయితే ఎవరికి ఫోను చేయాలి? జాబితా మరిదికి పంపాను. "ముందు కాన్పు కానివ్వండి వదినా" అని జవాబిచ్చాడు. మంచివాడే, కానీ ఇతనితో లాభం లేదు. బీపీ మెషీను నేనే కొంటాను. రేపు టేపు పట్టుకెళ్లి చెల్లి భుజం కొలిచి రావాలి, పట్టీ సైజు తెలియాలి కదా.