ఎవరి మీద కక్ష నాన్నా?

"2032 డిసెంబర్‌లో నేను వైజాగ్ రాను, అమ్మమ్మే మనింటికి వచ్చేయాలి" అన్నాడు మా తొమ్మిదేళ్లోడు, సెలవులకి ఎంవీపీ కాలనీలో దిగి ఇంకా సూట్‌కేసులు కూడా విప్పలేదు. వీడు రాను అంటే చాలు నాకు ఒళ్లు మండుద్ది, ఎండలో దోమలో అనుకుని క్లాసు పీకడం మొదలెట్టేశా కూడా. తీరా చూస్తే 2024 వైఆర్4 అనే గ్రహశకలం గొడవ. 60 మీటర్ల రాయి, 2032 డిసెంబర్ 22న భూమిని గుద్దే ఛాన్స్ 2025 ఫిబ్రవరిలో 3.1 శాతం దాకా ఎక్కింది, పడితే ఎక్కడ పడొచ్చో గీసిన గీత ఇండియా మీదుగా పోయింది. వారం తిరక్కుండానే దాదాపు సున్నాకొచ్చేసింది కానీ వీడి బుర్రలో గీత అలాగే ఉండిపోయింది.

ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూల్ పెట్టింది నేను, సముదాయించడానికి ఇంగ్లీషులోకి దూకిందీ నేనే, ఆర్బిట్‌ని తెలుగులో ఏమంటారో ఫోన్‌లో వెతుక్కున్నా మరి. కక్ష్య అని చెప్పా.

వాడు పోయి ఆవకాయ కలుపుతున్న మా అమ్మ ముందు కూర్చున్నాడు. జాడీ డిడిమోస్ అనే గ్రహశకలం అంట, దాని చుట్టూ తిరిగే మామిడి టెంక డైమార్ఫస్ అనే చిన్న శకలం, 160 మీటర్లు. ఆవగింజేమో దాన్ని గుద్దడానికే నాసా వాళ్లు పంపిన డార్ట్ అనే అంతరిక్ష నౌక. 2022 సెప్టెంబర్‌లో సెకనుకి 6 కిలోమీటర్ల స్పీడ్‌తో వెళ్లి గుద్దేసరికి 11 గంటల 55 నిమిషాల చుట్టు 32 నిమిషాలు తగ్గింది, "దాని కక్ష మారిపోయింది అమ్మమ్మా".

"ఎవరి మీద కక్ష నాన్నా?" అంది అమ్మ.

ఆవగింజకి టెంక కదులుద్దేటని కూడా అడిగింది. కొంచెం కదిలితే చాలంట, కానీ ఏళ్ల ముందే గుద్దాలంట, దగ్గరికొచ్చాక ఎంత గట్టిగా గుద్దినా తప్పించలేమంట. వీడికి ఏడేళ్లొచ్చాక తెలుగు క్లాసులో పడేసిన నన్నే అన్నట్టుంది.

అమ్మకి ఇవన్నీ కొత్త కాదు. 1979లో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడిపోద్దని ఊరంతా వణికిపోతే "ఎలాగూ పోతాం కదాని కోళ్లన్నీ కోసీసుకుని తినీసాం, అదెళ్లి ఆస్ట్రేలియాలో పడింది" అంది. వాడు నవ్వలేదు, కోళ్ల గురించి బాధపడ్డాడు.

పిల్లలు భయపడితే లెక్కలు చూపించండి అని ఫ్రెండ్స్‌కి చెప్తుంటా. ఆ రాత్రి వాడికి సున్నా చూపించా. "సరే, మరి తుఫానొస్తే అమ్మమ్మ ఒక్కతేగా?" అన్నాడు. అమ్మ ఊరుకోవచ్చు కదా, హుద్‌హుద్ కథ మొదలెట్టింది, 2014 అక్టోబర్ 12, కిటికీ అద్దాలు పగిలి నీళ్లు మంచం దాకా వచ్చాయని, కరెంటు లేదని, ఫోన్ లేదని.

"అప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది, "అక్కడ నిద్ర మానేసి ఫోన్ చేస్తానే ఉంది పాపం".

రెండో రోజు నిద్రపోయాను. ఆ మాట ఇద్దరికీ చెప్పలేదు. పొద్దున లేచేసరికి వాడు అమ్మమ్మ పాస్‌పోర్ట్ ఎక్కడుందో బీరువాలో వెతుకుతున్నాడు.