నోట్‌బుక్ అట్ట మీది విమానం

సంచికకు ఏదో ఒకటి రాయమని కమిటీ వాళ్లు ఒకటే పోరు. హాస్టల్ అల్లరి గురించి, పీఈటీ మాస్టారి విజిల్ గురించి ఎలాగూ నలుగురైదుగురు రాస్తారు. నేను ఒక విమానం గురించి రాస్తాను. మన 1990 టెన్త్ బ్యాచ్‌లో కొందరికైనా గుర్తుండే ఉంటుంది.

ఆ రోజుల్లో నోట్‌బుక్కులకు సోవియట్ పత్రికల కాగితాలతో అట్టలు వేసుకునేవాళ్లం. నున్నటి కాగితం, మంచి రంగులు, ఓ పట్టాన చిరిగేది కాదు. నా ఫిజిక్స్ నోట్సు అట్ట మీద ఆరు ఇంజిన్ల తెల్లటి విమానం, దాని వీపు మీద మరో చిన్న విమానం ఉండేవి. పెద్దది ఏఎన్-225 మ్రియా. పైనున్నది బురాన్, అంటే సోవియట్ స్పేస్ షటిల్. 1989 జూన్‌లో పారిస్ ఎయిర్ షోకి ఆ రెండూ అలాగే వెళ్లాయి.

"దీనికి తోకలు రెండెందుకండీ మాస్టారూ?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. మాస్టారు పాఠం ఆపేసి బోర్డు మీద బొమ్మ గీశారు. వీపు మీద అంత బరువు పెట్టుకుని ఎగిరితే, దాని వెనక గాలి చెదిరిపోయి సుడులు తిరుగుతుంది. తోక మధ్యలో ఉంటే సరిగ్గా ఆ సుడిలో చిక్కుకుంటుంది. అందుకే రెండుగా చీల్చి అటొకటి ఇటొకటి పెట్టారు. "అర్థమైందా ఒరేయ్, ఊరికే అందం కోసం కాదు" అన్నారు. నేను కార్గో ఉద్యోగంలోకి రావడానికి ఆ బొమ్మే కారణమంటే మావాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

కీవ్‌లోని ఆంటొనోవ్ డిజైన్ బ్యూరో ఈ విమానాన్ని తయారుచేసింది బురాన్‌నూ, ఎనర్జియా రాకెట్ భాగాలనూ బైకనూర్ రాకెట్ ప్రయోగ కేంద్రానికి చేరవేయడానికే. అప్పటికే ఉన్న ఏఎన్-124కి రెక్కలూ ఒళ్లూ పొడిగించి, నాలుగు ఇంజిన్లకు ఇంకో రెండు కలిపారు. 84 మీటర్ల పొడవు, 88 మీటర్లు దాటిన రెక్కలు, 32 చక్రాలు. 640 టన్నుల దాకా బరువుతో లేవగలిగేది. 1988 డిసెంబర్ 21న మొదటిసారి ఎగిరింది. మూడు నెలలకే ఒక్క ఫ్లైట్‌లో 110 రికార్డులు కొట్టింది.

ఆ తర్వాత దాని పనే పోయింది. 1991లో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది, కొన్నాళ్లకు బురాన్ కార్యక్రమమూ మూతపడింది. 1994 నుంచి మ్రియా మూలన పడింది. ఇంజిన్లు ఊడదీసి ఏఎన్-124లకు వాడుకున్నారు. ఒకే ఒక్కటిగా తయారైన విమానం, అదీ విడిభాగాల కోసం విప్పేసింది, మళ్లీ లేవడం మామూలు విషయం కాదు. కానీ పెద్ద పెద్ద సరుకులకు గిరాకీ కనిపించడంతో బాగుచేసి 2001 మేలో మళ్లీ ఎగరేశారు. అసలు కథ ఇక్కడి నుంచే మొదలైందని నా అభిప్రాయం. షటిల్ మోయడానికి పుట్టింది లోకంలోని పనులన్నీ చేసింది. 2002 జనవరిలో స్టుట్‌గార్ట్ నుంచి ఒమన్‌కు అమెరికా సైనికుల కోసం 2,16,000 భోజనం ప్యాకెట్లు మోసింది. 2009లో జర్మనీ నుంచి ఆర్మేనియాకు ఒక్క జనరేటర్‌నే దాదాపు 190 టన్నుల బరువుతో దించింది. 2010లో చైనా నుంచి డెన్మార్క్‌కు 42 మీటర్ల గాలిమర రెక్కలు రెండు తీసుకెళ్లింది. దాని కార్గో హోల్డ్ పొడవే 43 మీటర్లు. ఆ లోడింగ్ ప్లాన్ గీసినవాళ్లకు ఎంత టెన్షన్ పట్టిందో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

2016 మే నెలలో అది హైదరాబాద్‌లో దిగింది. వంద టన్నులకు పైబడిన జనరేటర్‌తో ప్రాగ్ నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు పోతూ, తుర్క్‌మెనిస్తాన్ తర్వాత శంషాబాద్‌లో ఆగింది. అంత బరువుతో ఒక్క ఊపున అంత దూరం పోలేదు. దూరం నుంచే అయినా తనివితీరా చూశాను. రెక్కల చివర్లు కిందికి వాలి ఉన్నాయి, చక్రాల వరుస ఎంతకీ తెగలేదు. దాని ముక్కు పైకి తెరుచుకునేది. ముందు చక్రాలు మడిచి ఏనుగు మోకరిల్లినట్టు వంగితే సరుకు నేరుగా లోపలికి జరిపేవాళ్లు. ఇక్కడ దించాల్సింది ఏమీ లేదు కాబట్టి ముక్కు తెరవలేదు. ఆ నిరాశ నాకు ఇప్పటికీ ఉంది.

2020లో కోవిడ్ సామగ్రి మోసింది. 2022 ఫిబ్రవరి మొదట్లో చైనా నుంచి డెన్మార్క్‌కు టెస్టు కిట్లు దించి, కీవ్ పక్కనున్న సొంత స్థావరం హోస్తొమెల్ చేరుకుంది. ఒక ఇంజిన్ విప్పి మరమ్మతు చేస్తున్నారు. ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన ఫిబ్రవరి 24న, రష్యా హెలికాప్టర్లు మొదట దిగిన చోట్లలో హోస్తొమెల్ ఒకటి. రన్‌వే చేతికొస్తే పెద్ద విమానాల్లో సైన్యాన్ని దించి నేరుగా కీవ్ మీదికి పోవచ్చని వాళ్ల ఎత్తు. ఆ పోరాటంలో షెడ్డుతో పాటు మ్రియా కాలిపోయింది. 27న ఉక్రెయిన్ ఆ సంగతి ప్రకటించింది. ముక్కు, రెక్కల మొదళ్లు నల్లగా విరిగిపడిన ఫోటోలు తర్వాత అందరం చూశాం. ముందే జర్మనీలోని లైప్‌జిగ్‌కు తరలించి ఉంటే దక్కేది కదా అన్న ప్రశ్న ఉక్రెయిన్‌లోనే పుట్టింది, ఆంటొనోవ్ మాజీ అధికారుల మీద దర్యాప్తు దాకా వెళ్లింది. తప్పెవరిదైనా, గాల్లో ఏమీ కాని విమానం షెడ్డులో నిలబడి పోవడం నాకు మింగుడుపడలేదు.

రెండో ఏఎన్-225 ఒళ్లు సగం పైగా తయారై కీవ్ ఫ్యాక్టరీలో సోవియట్ కాలం నుంచీ ఉంది. కాలిపోయినదాంట్లో పనికొచ్చేవి దానికి బిగించి మళ్లీ ఎగరేస్తామని ఆంటొనోవ్ చెప్పింది. 50 కోట్ల యూరోలకు పైగా ఖర్చని 2022 నవంబర్‌లో లెక్క ఇచ్చింది. అంతకుముందు ప్రభుత్వ సంస్థ చెప్పిన అంచనా 300 కోట్ల డాలర్లు. రెండు లెక్కలకూ పొంతనే లేదు. పైగా యుద్ధంలో ఉన్న దేశం ఇంత డబ్బు ఒక్క విమానానికి పెడుతుందని నేను అనుకోను. ఏడాదికి కొన్ని ట్రిప్పులే దొరికే విమానం అది, వ్యాపారం లెక్కన చూస్తే పెట్టుబడి తిరిగిరాదు. అయినా కడితే మాత్రం, ఈసారి అది ఎక్కడ దిగినా ముక్కు తెరిచేదాకా అక్కడే నిలబడతాను.