లోపల ఏముంది?

రేపు తెల్లవారుజామున లేవవలసిన పని ఉన్నప్పటికీ ఇప్పుడు ఇది రాయడానికి కూర్చున్నానంటే దానికి కారణం బావగారి ప్రశ్న ఒక్కటే. ఇవాళ మేము వెళ్ళిన ప్రతి చోటా ఆయన చేతులు వెనక్కి కట్టుకొని, తల పైకెత్తి ఒకసారి నాలుగు వైపులా చూసి, "అదంతా సరేనమ్మా, ఇంతకీ లోపల ఏముంది?" అని అడిగారు. మా ఆయన సంగతి మీకు తెలిసిందే కదా, అన్నగారు ప్రశ్న వేయగానే కారు తాళాలు వెతుక్కుంటూ దూరంగా వెళ్ళిపోయారు. అక్కయ్య నవ్వి ఊరుకుంది. జవాబు చెప్పవలసిన బాధ్యత, ఎప్పటిలాగే, నా మీద పడింది.

మాడ్రిడ్‌లో రాజభవనమూ, పెద్ద చౌరస్తాలూ చూపించడం అయిపోయింది కనుక, ఈసారి ఊళ్ళకు దూరంగా తీసుకువెళ్ళాలని స్పెయిన్‌లోనే ఉన్న సోరియా ప్రావిన్సును ఎంచుకున్నాను. జీవితమంతా నీటిపారుదల శాఖలో గడిపిన మనిషికి నది ఒడ్డున నడక కంటే నచ్చేదేముంటుందని నా ఆలోచన. రియో లోబోస్ అంటే తోడేళ్ళ నది. సున్నపురాయి కొండలను అది కోసుకుంటూ పోయిన లోయ దాదాపు 25 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. 1985లో దానిని ప్రకృతి ఉద్యానంగా ప్రకటించారు. వేసవి ముగిసే ఈ రోజుల్లో అక్కడ నీరు చాలా చోట్ల మడుగులుగా మాత్రమే కనిపిస్తుంది. మిగిలినదంతా రాతి పగుళ్ళలోకి ఇంకి, నేల అడుగున ప్రయాణం చేసి, దిగువన ఉసేరో ఊరికి కాస్త ఎగువన పెద్ద ఊటగా మళ్ళీ బయటపడుతుంది. ఈ సంగతి చెబితే బావగారు సంబరపడతారనుకున్నాను. ఆయన ఎండిన గులకరాళ్ళ వైపు చూసి, "నీళ్ళు లేని నదికి ఇంత దారి ఎందుకు వేశారమ్మా" అన్నారు.

దారి మాత్రం చక్కగా ఉంది. రెండు వైపులా పసుపు, ఎరుపు కలిసిన నిలువు గోడలు, వాటి అరల్లో రాబందుల రెట్టలు కారి ఏర్పడిన తెల్లని చారలు, కింద దేవదారును పోలిన పొడవాటి చెట్లు. పక్షి కంటబడక ముందే దాని నీడ కాలిబాట మీదుగా సాగిపోయింది. తల ఎత్తి చూస్తే రెక్కలు ఆడించకుండా, రెండున్నర మీటర్ల వెడల్పున చాచి, గాలి మీద పడుకున్నట్లు తిరుగుతోంది. అక్కయ్య అక్కడే ఆగిపోయింది. వాళ్ళ ఊళ్ళో ఎద్దు చనిపోతే ఊరి బయట ఇలాగే దిగేవట, తన పిల్లలకు చూపిద్దామనుకునే నాటికి ఒక్కటీ మిగలలేదట. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసిందని తేలాక, మన దేశంలో 2006లో పశువైద్యంలో దానిని నిషేధించారు. ఐరోపా రాబందుల్లో అత్యధిక భాగానికి నిలయమైన ఈ స్పెయిన్ 2013లో అదే మందును పశువులకు అనుమతించడం నాకు ఎప్పటికీ మింగుడు పడని విషయం. ఆ మాట ఎత్తితే నేను ఆగనని తెలిసి మా ఆయన నడక వేగం పెంచారు.

లోయ మలుపులో, గుహ నోటికి ఎదురుగా, సాన్ బార్తొలోమె అనే చిన్న గుడి ఉంది. పదమూడవ శతాబ్దపు తొలినాళ్ళది. దాని గుండ్రని కిటికీలో రాతిని తొలిచి చేసిన అయిదు కోణాల నక్షత్రం ఉంది. ఆ నక్షత్రం మీద నిధుల కథలూ, రహస్య సైనికుల కథలూ ఎన్నో అల్లారు. మేము వెళ్ళేసరికి తలుపు మూసి ఉంది. బావగారు ఆ తలుపు సందులో కన్ను పెట్టి చూశారు. ఏమడిగారో మళ్ళీ రాయనక్కరలేదు.

అసలు చిరాకు గోర్మాజ్ కోట దగ్గర మొదలైంది. దువేరో నది పైన, చుట్టూ కోసిన పొలాల మధ్య, ఒక కొండ నెత్తి మీద పొడుగునా పడుకున్న కోట అది. కొర్దోబా ఖలీఫా రెండవ అల్ హకం కాలంలో, 965 ప్రాంతంలో, సేనాపతి గాలిబ్ దానిని తిరిగి కట్టించాడు. ప్రహరీ చుట్టుకొలత ఒక కిలోమీటరు దాటుతుంది. ఇరవైకి పైగా బురుజులు ఉన్నాయి. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న దక్షిణ ద్వారం గుండా లోపలికి అడుగు పెడితే గాలి, ఎండిన గడ్డి, రాళ్ళు, అంతే. టిక్కెట్టు లేదు, కాపలా లేదు, మంచినీళ్ళు అమ్మే దుకాణం లేదు. బావగారు ఆ చివరి నుంచి ఈ చివరి వరకు నడిచి వచ్చి అదే ప్రశ్న వేశారు. పైగా, "మన గండికోటలో కనీసం మసీదు, గుడి, ధాన్యాగారం ఉన్నాయి" అని కలిపారు.

ఈ పోలిక నాకు ఎందుకంత కోపం తెప్పించిందో ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే కొంత అర్థమవుతోంది. చూడటానికి వెళ్ళిన చోటు మనకు ఏదో ఒకటి చేతికి అందించాలని, లేకపోతే పెట్రోలు ఖర్చు దండగ అయిందని భావించే ధోరణి మా ఇంటి మగవాళ్ళందరిలోనూ ఉంది. కోట అంటే సింహాసనం, ఫిరంగి, రాణిగారి అద్దం ఉండాలి. ఒక గైడు, ఒక ప్రేమకథ, చివర ఒక ఐస్‌క్రీము ఉంటే ఇంకా మంచిది. గోర్మాజ్ అలాంటి కోట కాదు. నదిని దాటే దారిని కాపాడటానికీ, ఉత్తరాన ఉన్న క్రైస్తవ రాజ్యాల మీదికి దండెత్తే సైన్యం వచ్చి విడిది చేయడానికీ కట్టినది. గుడారాలు వేసుకోవడానికి, గుర్రాలను కట్టుకోవడానికి చోటు కావాలి కనుకనే పడమటి భాగమంతా ఖాళీగా వదిలారు. ఖాళీయే దాని ప్రయోజనం. ఈ మాటలన్నీ అక్కడ నిలబడి చెప్పి ఉండవలసింది. ఆ గాలికి మాట వినపడక, పెద్దవారితో వాదన ఎందుకని, "అంతే బావగారూ, ఖాళీయే" అని ఊరుకున్నాను. ఆయన తల ఊపిన తీరు చూస్తే, నన్ను ఓదారుస్తున్నట్లు ఉంది.

ఈ టపా ఇక్కడితో ఆపేసి పడుకుందామనుకున్నాను. కానీ సాన్ బౌదేలియో అనే పాత గుడి గురించి రాయకపోతే బావగారికి అన్యాయం చేసినట్లవుతుంది.

బెర్లాంగా కోటకు కొద్ది దూరంలో, పొలాల నడుమ, బయటి నుంచి చూస్తే గొడ్ల చావిడిలా కనిపించే చతురస్రపు కట్టడం అది. పదకొండవ శతాబ్దం చివరిది. తలుపు దాటగానే మధ్యలో ఒకే ఒక లావాటి స్తంభం, దాని తల నుంచి ఎనిమిది కమానులు నాలుగు గోడల వైపుకు, తాటిమట్టల్లా విచ్చుకుంటూ పోతాయి. ఒకప్పుడు ఆ గోడల నిండా రంగుల చిత్రాలు ఉండేవి. 1917లో ప్రభుత్వం దానిని జాతీయ కట్టడంగా ప్రకటించింది. 1922లో, దాని హక్కుదారులైన ఊరివాళ్ళు ఆ చిత్రాలను ఒక వ్యాపారికి అమ్మారు. వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్ళినా అమ్మకం నిలిచింది. 1926లో వాటిని గుడ్డ మీదికి ఊడదీసుకొని అమెరికా తీసుకువెళ్ళారు. పైపొర మాత్రమే లేచి వచ్చింది కనుక, లోపలికి ఇంకిన రంగు గోడ మీద లేత నీడగా మిగిలిపోయింది. వీపు మీద కోటను మోస్తున్న ఏనుగు నీడను అక్కయ్య ముందుగా గుర్తుపట్టి, "అంబారీ!" అంది. ఆ నీడలను చూసి నాకు ఒళ్ళు మండింది. ఉన్నవాటిని ఊడదీసుకుపోవడానికి మనసెలా వచ్చిందని పైకే అన్నాను.

"ఊడదీయడం ఎప్పుడూ తప్పు కాదమ్మా" అన్నారు బావగారు. ఆయన ఉద్యోగంలో చేరింది సాగర్ కాలువల మీదే. ఆ మాటతో నాకు మాచర్లలో బడి రోజులు గుర్తుకు వచ్చాయి. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కించి మా సోషల్ మాస్టారు మమ్మల్ని నాగార్జునకొండకు తీసుకువెళ్ళారు. లాంచీ నడి జలాశయంలో ఉండగా మాస్టారు నీళ్ళలోకి వేలు చూపి, "ఇక్ష్వాకుల రాజధాని మన కింద ఉంది, లేచి నిలబడకండి" అన్నారు. వెనకబెంచీ వాళ్ళందరూ వెంటనే లేచి నిలబడ్డారు. పులిహోర డబ్బా ఒకటి బోర్లా పడింది. 1954 నుంచి 1960 వరకు లోయనంతా తవ్వి, దొరికిన కట్టడాల్లో ముఖ్యమైన వాటిని రాయి రాయి విప్పి కొండ మీద, కొన్నింటిని అనుపులో తిరిగి కట్టారని ఆయన చెప్పారు. అనుపులో ఆ మెట్ల రంగస్థలం మీద కూర్చుని మేము ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకున్నాం. ఇది దీని అసలు చోటు కాదని మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా మాకు పట్టలేదు. కూర్చోవడానికి మెట్లు ఉన్నాయి, నీడ ఉంది, అంతకంటే ఏం కావాలి?

అయినా నేను తగ్గలేదు. అక్కడ నీళ్ళు ముంచుకొస్తున్నాయి, ఇక్కడ ముంచుకొచ్చింది డబ్బు మాత్రమే కదా అన్నాను. బావగారు వాదించలేదు. ఆయన అప్పటికే స్తంభం చుట్టూ తిరుగుతూ, కమానుల బరువు ఎటు దిగుతోందో వేలితో గాలిలో గీసుకుంటున్నారు. స్తంభం శిరసున, కమానుల మధ్య, మనిషి దూరగలిగేంత చిన్న అర ఒకటి ఉంది. ఇంత బరువు మోసే చోట ఖాళీ ఎందుకు వదిలారో కాపలా ఆవిడను అడగమన్నారు. నేను అడిగాను. ఆవిడ భుజాలు ఎగరేసింది. ఆయనకు అది ఎంతో నచ్చింది. తిరుగు ప్రయాణమంతా బరువు తగ్గించడానికే అయి ఉంటుందని ఒకసారి, కాదని ఒకసారి, తనలో తానే తేల్చుకుంటూ వచ్చారు. అంటే ఆయన ఉదయం నుంచి వెటకారంగా అడగలేదేమో. కట్టడం కనపడితే దాని పని ఏమిటో తేలేదాకా ఊరుకోని అలవాటు కాబోలు. గండికోట పోలికను మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

ఆ చిత్రాల్లో ఆరు ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్నాయని, స్పెయిన్‌లోని ఫ్వెంతిదువేన్యా చర్చి గర్భాలయాన్ని న్యూయార్కుకు పంపిన ఒప్పందంలో భాగంగా 1957లో అవి ఈ దేశానికి వచ్చాయని చెప్పాను. రాళ్ళు అటు, రంగులు ఇటు. విన్నాక, ఆ అంబారీ ఏనుగును చూడాలని బావగారు రేపటికి నిశ్చయించుకున్నారు. సాయంత్రం ఆరు తరువాత ప్రవేశం ఉచితమని ఆయన ఫోనులో ఎక్కడో చదివారు కూడా. ఆ వేళకు వరుస వీధి మలుపు దాకా ఉంటుంది, అక్కయ్య మోకాళ్ళు అంతసేపు నిలబడనివ్వవు. టిక్కెట్టు కొనక తప్పదని ఆయనకు ఎవరు చెప్పాలన్నది ఇంకా తేలలేదు.