థ్రాటిల్ బాడీలో చీమకుర్తి దుమ్ము లేదు

చర్చి సెంటర్‌లో మా కారు వరుసగా మూడు రోజులు ఆగిపోయింది. అదీ ఏసీ వేసి ఉన్నప్పుడే. ముందు స్టీరింగు సన్నగా వణుకుతుంది, ఆర్‌పీఎం ముల్లు 750 నుంచి 500కు జారుతుంది, ఆపైన బండిలో చప్పుడుండదు. చప్పుడంతా వెనకున్న ఆటోల హారన్లదే. మే నెలలో, ఒంగోలులో, ఏసీ ఆపేసి నడపమని సలహా ఇచ్చిన వారందరికీ ఒక నమస్కారం.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను. రోజూ కర్నూలు రోడ్డు మీద రాళ్ల లారీల వెనకే ప్రయాణం. అందుకని మా బండికి ఏ జబ్బు చేసినా అందరూ చెప్పే కారణం ఒకటే: క్వారీ దుమ్ము. ఒక వర్క్‌షాపులోనూ అదే అన్నారు. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని ఒక రేకుతో అదుపు చేసే థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలి, 14 వేలవుతుందన్నారు. బానెట్ ఎత్తి చూసింది మాత్రం లేదు.

ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరక ముందే, మా నాన్నను వెంటబెట్టుకుని నేనే మొదలుపెట్టాను. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. "మా బస్సుల్లో ఇలాంటి రేకు ఎక్కడుందమ్మా? డీజిల్ పంపే అన్నీ చూసుకునేది" అన్నారు. నిజమే. ఆ పాత డీజిల్ ఇంజన్‌లో వేగం మార్చేది పోసే డీజిల్ కొలత. పెట్రోలు ఇంజన్‌లో అయితే లోపలికి వెళ్లే గాలిని అదుపు చేయాలి. ఆ పని చేసేదే థ్రాటిల్ బాడీలోని గుండ్రటి రేకు. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఆ రేకు దాదాపు మూసుకుని, అంచున సన్నటి సందు మాత్రం ఉంటుంది. ఆ సందులో మసి చేరితే ఇంజన్‌కు ఊపిరాడదు. దానికి తోడు ఏసీ కంప్రెసర్ భారం పడితే ఇక చెప్పేదేముంది!

బ్యాటరీ నెగటివ్ తీగ తీశాను. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావుపాటి గొట్టం క్లాంపు వదులు చేశాను. రేకును తిప్పే మోటారు కనెక్టరు ఊడదీసి, నాలుగు బోల్టులు విప్పితే థ్రాటిల్ బాడీ చేతిలోకి వచ్చింది. కొన్ని బండ్లకు కూలెంట్ గొట్టాలు కూడా దీనికే తగిలించి ఉంటాయి. మా దానికి లేవు, బతికిపోయాను.

రేకు వెనక వైపు నల్లగా మెరుస్తోంది. వేలితో తీసి నలిపి చూశాను. గ్రానైట్ పొడి నాకు కొత్త కాదు, నలిపితే గరగరలాడుతుంది. ఇది గరగరలాడలేదు. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కకు పట్టే జిడ్డులా జారింది. దుమ్మంతా ఎయిర్ ఫిల్టర్ మడతల్లోనే బూడిద రంగులో ఆగిపోయి ఉంది. ఈ నలుపు ఇంజన్ సొంత సరుకు. పిస్టన్ల పక్కనుంచి కిందికి దిగిన పొగ, వేడి ఆయిల్ ఆవిరి కలిసిన గాలిని బయటికి వదిలితే కాలుష్యమని, మళ్లీ ఇంజన్ పీల్చుకునే దారిలోకే గొట్టం పెడతారు. ఏళ్ల తరబడి అదే ఇక్కడ పేరుకుంటుంది. పాపం, చీమకుర్తికి అనవసరంగా చెడ్డపేరు.

నాన్న అప్పటికే సీసాలో పెట్రోలు, చేతిలో వైరు బ్రష్షు సిద్ధం చేసుకున్నారు. రెండూ లాక్కున్నాను. పెట్రోలుతో నిప్పు భయం. వైరు బ్రష్షు గీస్తే గాలి దారి గోడ పాడవుతుంది, కొన్నిటికి లోపల పూత కూడా ఉంటుంది. థ్రాటిల్ క్లీనర్ స్ప్రేను నేరుగా కొట్టకుండా ఆయన పాత పంచె ముక్కను దానితో తడిపి తుడిచాను. నేరుగా కొడితే ఇరుసు వెంట మోటారు వైపు ఇంకుతుంది. రేకును తెరవడానికి నాన్న స్క్రూడ్రైవర్ అందించబోయారు. "నాన్నా, లోపల ప్లాస్టిక్ పళ్లచక్రాలున్నాయి" అన్నాక వెనక్కి తీసుకున్నారు. వేలితోనే, నెమ్మదిగా, కొద్దికొద్దిగా తెరుస్తూ అంచంతా తుడిచేసరికి అరగంట పట్టింది. అడుగున ఇత్తడిలా పసుపు మరక మిగిలింది, దాన్ని వదిలేశాను.

తిరిగి బిగించబోతే రబ్బరు రింగు కనిపించలేదు. కారు కింద, తులసి కోట వెనక, అంతా వెతికాం. చివరికి నాన్న వేళ్లకు దొరికింది. పోతుందని ఆయనే రెండు వేళ్లకు తొడుక్కుని మరిచిపోయారు.

స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, ఘాటు వాసన. అవి నిమిషంలో పోయాయి. ముల్లు మాత్రం 1,600 దగ్గర కూర్చుంది. "చెడగొట్టావు" అన్నట్టు చూశారు నాన్న. నాకూ గుండె జారింది. తర్వాత అర్థమైంది: మసికి అలవాటు పడిన బండి కంప్యూటర్ రేకును కాస్త ఎక్కువ తెరిచి పెట్టడం నేర్చుకుంది. మసి పోయినా అలవాటు పోలేదు. బ్యాటరీ తీగ తీస్తే మరిచిపోతుందనుకున్నాను, మా బండి మరిచిపోలేదు. ఏసీ లేకుండా రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగేదాకా, తర్వాత ఏసీతో పది నిమిషాలు అలాగే ఉంచితే 900కు దిగింది. సోమవారం చీమకుర్తి వెళ్లి వచ్చేసరికి 750. చర్చి సెంటర్‌లో ఏసీ వేసే నిలబడ్డాను.

స్ప్రే డబ్బా సగం మిగిలింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న దాన్ని గేటు బందులకు కొట్టేశారు. ఉన్న గ్రీజంతా కడుక్కుపోయి, గేటు ఇప్పుడు వీధి చివరిదాకా కిర్రుమంటోంది.