సైకిల్ లొల్లి తెగింది గానీ పెద్దమనుషులతోనే తల ప్రాణం తోకకొచ్చింది

మా బడి నారాయణపేట దిక్కు. ఊరి పేరు వద్దు. తొమ్మిదో తరగతి పిలగాళ్ళు నలుగురు ఒకని సైకిల్‌ని గుట్ట మీంచి దొర్లించి రిమ్ములు వంచేసిన్రు. కొట్టకుండా, కాళ్ళు మొక్కించకుండా, అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతిలో ఆ లొల్లి ఈ వారమే తెగింది. రెస్టోరేటివ్ ప్రాక్టీస్ అని ట్రైనింగులో పూటలో చెప్పి పంపిస్తారే, అదే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తం పక్కన పెట్టమంది గానీ దాని జాగల ఏం పట్టుకోవాలో చెప్పలేదు. పీపీటీలో లేని సంగతులు చెప్తా.

లొల్లి లేని రోజుల్లోనే వారానికోసారి పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టడం మొదలుపెట్టాలి. ఇది సులువే. ఇనుప డెస్కులు జరపలేం కాబట్టి వరండాలో జంపఖానా వేసినం. సారు కూడా కిందనే కూర్చోవాలి. డస్టర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, ఇష్టం లేకపోతే పక్కవాళ్ళకు ఇచ్చేయొచ్చు. నలభై మందిని ఒకే గుండ్రంలో పెడితే ఒక్కొక్కరికి ఇరవై సెకన్లిచ్చినా పదమూడు నిమిషాలు దాటుతుంది, సగం మందికి విసుగొస్తుంది. రెండు గుంపులు చేయండి. పొద్దున ఏం తిన్నవ్ అని మాత్రం అడగొద్దు. ఏమీ తినకుండా వచ్చినోళ్ళు ఉంటారు.

ఏ లొల్లినైనా కూర్చోబెట్టి తెంపొచ్చు అనుకోవద్దు. ఇది ముందే చూసుకోవాలి. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాల్సిందే. ఎస్సీ ఎస్టీ పిల్లల్ని కులం పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. ఇట్లాంటివాటిని 'లోపల్లోపల' సర్దుబాటు చేయించడం మన దగ్గర పెద్ద సంఘసేవ. ఆ సేవ చేసేటోళ్ళను గేటు దాటనీయొద్దు. పిల్లలకు ఆపద అయితే ఫోన్ చేయడానికి 1098 నంబరు ఉంది.

తర్వాత ఒక్కొక్కర్ని విడిగా పిలిచి మాట్లాడాలి. తలా అరగంట. 'ఎందుకు చేసినవ్‌రా' అనొద్దు. ఎందుకు అంటే పిలగాడు అబద్ధమన్నా చెప్తాడు, నేల చూపులన్నా చూస్తాడు. ఏమైంది? అప్పుడు మనసుల ఏమున్నది? ఇప్పుడేమనిపిస్తుంది? ఎవలెవలికి నష్టమైంది? సరిచేయాల్నంటే ఏం చేయాలె? ఈ వరసలోనే అడగాలి. ఆస్ట్రేలియాలోని వాగా వాగాలో 1991లో టెర్రీ ఓకానెల్ అనే పోలీసాయన నడిపిన పద్ధతి నుంచి వచ్చిన ప్రశ్నలివి. పోలీసే కొట్టకుండా అడగగలిగినప్పుడు మనకేమైంది?

సైకిల్ పిలగాణ్ణి అడిగితే సైకిల్ ఊసే ఎత్తలేదు. వాని తల్లిదండ్రులు బొంబాయిలో బిల్డింగుల పనికి పోయిన్రు. వాడు ఐదో తరగతి దాకా అక్కడే చదివి, ఇప్పుడు నాయనమ్మ దగ్గరుంటున్నడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. అందరూ 'బొంబాయోడా' అంటారట. వలస పోయిన ఇళ్ళు సగమున్న ఊళ్ళో ఆ మాట! రిమ్ములు వంచినోళ్ళలో ఒకని తండ్రి కూడా బొంబాయిలోనే ఉన్నడు.

ఇక పెద్దల సంగతి. తల్లిదండ్రుల్ని పిలిస్తే వాళ్ళతోపాటు ఒక పెద్దమనిషి వచ్చిండు. రాగానే హెడ్‌మాస్టర్ పక్క కుర్చీలో కూర్చుండు. తల్లులు గోడకానుకొని నిలబడ్డరు. 'దండుగ ఎంతనో చెప్పుండ్రి, ఇప్పుడే కట్టిస్త, పిలగాళ్ళతోని కాళ్ళు మొక్కిస్త' అన్నడు. తీర్పు చెప్పడానికి కూర్చోలేదు, మాట్లాడించడానికి పిలిచినం అన్నా. 'తీర్పు చెప్పుడు చాతగాకుంటే చాతగాదని చెప్పు సారూ, తిప్పుతవేంది' అన్నడు. స్టాఫంతా విన్నరు. హెడ్‌మాస్టర్ నవ్విండు. ఆ నవ్వు ఇప్పటికీ మింగుడుపడతలేదు.

ఆయన తప్పు కూడా కాదు. ఊరి పంచాయితీలో పెద్దమనిషి నోట వచ్చిందే తీర్పు. రెండు వర్గాలు నిలబడి వింటాయి, దండుగ కడతాయి, మనసులో ఉన్నది మనసులోనే పెట్టుకొని ఇంటికి పోతాయి. ఈ పద్ధతిలో తీర్పరే ఉండడు. అందుకే ఊరోళ్ళకు ఇది పనికిరాని ముచ్చట లెక్క కనిపిస్తుంది.

ఆరోజు అందర్నీ పంపించేసినం. తర్వాత ఆయన ఇంటికే పోయి ఒక్కటే అడిగినం: ఒప్పుకున్న మాట జరుగుతుందా లేదా చూసే పని నువ్వు పెట్టుకుంటవా? పెద్దరికానికి ఒక పని దొరికితే మెత్తబడతారు. లేకపోతే వాళ్ళే అడ్డుపడతారు. ముందే చెప్పాల్సిన షరతులు మూడు: తన వంతు వచ్చేదాకా మాట్లాడొద్దు, మధ్యలో లేచిపోవొద్దు, పైసల సంగతి ముందు ఎత్తొద్దు.

కూర్చునే వరస కూడా చూసుకోవాలి. మధ్యలో టేబుల్ వద్దు. ఖాళీ కుర్చీలు తీసేయండి. ఒక్కో పిలగాని పక్కన వాని మనిషి. రెండు వర్గాలను సరిగ్గా ఎదురెదురు పెట్టొద్దు. తప్పు చేసినోడే ముందు మాట్లాడాలి. నష్టపోయినోణ్ణి ముందు మాట్లాడిస్తే అవతలోడు తప్పించుకునే జవాబు తయారుచేసుకుంటాడు. తర్వాత నష్టపోయినోడు, వాని మనుషులు, చివరికి తప్పు చేసినోని మనుషులు. నిశ్శబ్దం వస్తే నింపకండి. మన సార్లకు ఇదే చాతగాదు, రెండు క్షణాలు ఊరుకుంటే నీతి మొదలుపెడతారు.

మళ్ళీ అందరం కూర్చున్నప్పుడు సైకిల్ పిలగాని నాయనమ్మ 'వాని తల్లి ఫోన్ చేస్తే అంత మంచిగున్నదనే చెప్తడు' అన్నది. రిమ్ములు వంచినోళ్ళలో, బొంబాయిలో తండ్రి ఉన్న పిలగాడు ఆ మాటకు తల దించిండు. క్షమాపణ ఎవరూ అడగలేదు, వాడే చెప్పిండు. బలవంతంగా చెప్పిస్తే ఆ సాయంత్రం బడి వెనక మళ్ళీ కొట్టుకునేటోళ్ళు.

చివరికి రాసుకునే ఒప్పందంలో 'ఇకమీద మంచిగుంటం' అని రాయొద్దు. ఎవరు, ఏం, ఎప్పటిలోగా, ఎవరు చూస్తారు, ఈ నాలుగూ ఉండాలి. శనివారం లోపు నలుగురూ కలిసి రిమ్ముల బెండు తీయించి, తెగిన స్పోకులు వేయించాలి. పేరుతోనే పిలవాలి. ఆ తలదించిన పిలగాడు రోజూ మధ్యాహ్నం సైకిల్ పిలగానితో తెలుగు పాఠం ఒక పేజీ కలిసి చదవాలి. అది రాస్తుండగా చాయ్, బిస్కెట్లు పెట్టండి. కూర్చున్నప్పుడు రాని మాటలు చాయ్ గ్లాసు పట్టుకున్నప్పుడు వస్తయి.

స్టాఫ్‌కు కూడా ఇదే పెట్టినం. వంట అక్కలు, అటెండర్ కూర్చోనంటే కూర్చోలేదు. కుర్చీలు తీసేసి అందరం జంపఖానా మీద కూర్చుంటే గానీ రాలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: పని జాగల లైంగిక వేధింపు ఫిర్యాదైతే 2013 చట్టం ప్రకారం ఆ మహిళ అడిగితేనే రాజీ ప్రయత్నం, అదీ పైసలు ముట్టజెప్పి కాదు.

పైఆఫీసు ఫారంలో 'తీసుకున్న క్రమశిక్షణ చర్య' అని ఒక్క గడే ఉంది. 'మాట్లాడించినం' అని రాస్తే వాపసు వచ్చింది. ఒప్పందం నకలు పిన్ను కొట్టి మళ్ళీ పంపినం. రెండు వారాలకు మళ్ళీ కూర్చోవాలి. తప్పిపోయిన మాటేదైనా ఉంటే కొత్త శిక్ష వేయకుండా, ఎందుకు కుదరలేదో చూసి ఆ వాక్యమే మార్చి రాసుకోవాలి. ఆ కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టనీయకండి.